ఆరు కొట్టగానే మేకప్ తుడిచేసిన హీరో!

సాయంకాలం ఆరయింది. స్టూడియోలో లైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. డైరెక్టరుగారికి "ఇంకొక్క షాటే" మిగిలింది. నిర్మాతగారు సెట్టుకి ఇచ్చే అద్దె తలుచుకుని లోలోపల దణ్ణాలు పెట్టుకుంటున్నారు. హీరోగారు మాత్రం వాచీ చూసుకున్నారు, నవ్వుతూ అందరికీ నమస్కారం పెట్టారు, మేకప్ రూముకి నడిచారు. ఇక రేపే!

ఎవరా హీరో? మీ అమ్మగారినో, అమ్మమ్మగారినో అడిగి చూడండి. నుదుటి మీద రింగు తిరిగిన ఆ ముంగురుల దగ్గర్నుంచి మొదలెడతారు. అవును, సోగ్గాడు శోభన్ బాబే! ఆరు దాటాక షూటింగు లేదు, ఆదివారం అసలే లేదు. ఆ వేళంతా భార్యాబిడ్డలది. స్టారయ్యాక ఆయన పెట్టుకున్న ఈ కట్టుబాటు గురించి ఆయనతో పనిచేసినవాళ్ళు నేటికీ చెబుతారు.

ఇప్పుడీ పాత ముచ్చట ఎందుకూ అంటారా? చిత్రసీమలో ఈమధ్య నడిచిన గొడవ అంతా దీని గురించే కనక. 2025లో దీపికా పదుకొణే 'స్పిరిట్' నుంచి తప్పుకున్నప్పుడు, ఆమె రోజుకి 8 గంటల పనే అడిగారన్న వార్త పేపర్లన్నిటా వచ్చింది. అప్పటికి ఆమె బిడ్డకి ఏడాది కూడా నిండలేదు. అదే ఏడు సెప్టెంబరులో 'కల్కి 2898 ఏడి' రెండో భాగంలోనూ ఆమె ఉండరని వైజయంతీ మూవీస్ ప్రకటించింది. తర్వాత ఆవిడ ఒక మాటన్నారు: మగ సూపర్ స్టార్లు ఎంతోమంది ఏళ్ళ తరబడి 8 గంటలే పని చేస్తున్నారు, అది మాత్రం ఎప్పుడూ వార్త కాలేదని. మన తెలుగువాళ్ళకి ఈ మాట వినగానే శోభన్ బాబు గుర్తు రావద్దూ? ఆరింటికి ఇంటికెళితే ఆయన్ని క్రమశిక్షణ గల మనిషి అన్నాం. ఆవిడ అడిగితే రచ్చ చేశాం!

సరే, శోభన్ బాబుకి అది ఎలా చెల్లింది? అసలు కథ అక్కడుంది.

1937లో కృష్ణా జిల్లాలో పుట్టిన ఉప్పు శోభనాచలపతిరావు గుంటూరు ఏ.సి. కాలేజీలో చదివి, లా చదువుతానని మద్రాసు వెళ్ళారు. 1958లోనే పెళ్ళయింది. అంటే వేషాల వేట మొదలయ్యేసరికే ఇంటి బాధ్యత నెత్తిన ఉందన్నమాట. ఆ తర్వాత పదేళ్ళు చిన్నా చితకా వేషాలే. 'లవకుశ'లో శత్రుఘ్నుడు, 'నర్తనశాల'లో అభిమన్యుడు... రెండూ 1963వే. 1965లో 'వీరాభిమన్యు' కథానాయకుడి వేషమే ఇచ్చింది గానీ, స్టారుగా నిలబెట్టింది మాత్రం 1969లో వచ్చిన 'మనుషులు మారాలి'. ఆ పదేళ్ళలో ఏ నిర్మాత దగ్గరైనా వాచీ చూపించి "ఆరయిందండీ" అని ఉంటే? మర్నాడు అభిమన్యుడి కిరీటం ఇంకొకరి తల మీద ఉండేది.

1975 సంగతి చూడండి. 'జీవనజ్యోతి', 'బలిపీఠం', 'సోగ్గాడు'... అన్నీ ఆ ఒక్క ఏడాదివే! పని తక్కువ చేసిన మనిషి చేసే లెక్కా ఇది? పగలంతా ఒళ్ళు దాచుకోకుండా పనిచేశారు, పొద్దు వాలాక మాత్రం తన కాలం తనదే అన్నారు. అలా అనగలిగే స్థోమత జనం ఇచ్చిన హిట్ల వల్ల వచ్చింది. ఇంకో కారణం కూడా ఉంది, అది భూమి. సంపాదన ఊరికే పోనివ్వకుండా స్థలాలు కొన్నారు, సాటి నటుల్నీ కొనమని పోరారు. తనకి ఆ దారి చూపించింది శోభన్ బాబేనని మురళీమోహన్ పదే పదే చెబుతుంటారు. బ్యాంకులో, భూమిలో బలం ఉన్నవాడికే "కుదరదండీ" అనే మాట తేలిగ్గా నోటికొస్తుంది.

ఇక అదే కాలంలో రెండో పద్ధతి మన సూపర్ స్టార్ కృష్ణది. రోజుకి మూడు షిఫ్టులు! పొద్దున ఒక సెట్టు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి మరొకటి. 1972 ఒక్క సంవత్సరంలో ఆయనవి 18 సినిమాలు విడుదలయ్యాయి. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని పందాలు కట్టకండి. కృష్ణగారికి సెట్టే ఇల్లు. భార్య విజయనిర్మల నటి, దర్శకురాలు; అన్నదమ్ములు నిర్మాతలు. ఆయన పనిలోనే సంసారం ఉంది. శోభన్ బాబు పిల్లల్ని సినిమా గాలే సోకకుండా పెంచారు కాబట్టి, వాళ్ళని చూడాలంటే సెట్టు వదిలి వెళ్ళక తప్పదు.

మావూరి మనిషి ఒకాయన మూడో దారి పట్టారు. ఈ వ్యాసం నర్సీపట్నంలో కూర్చుని రాస్తున్నాను గనక ఆ పేరు చెప్పకపోతే ఇక్కడి కుర్రాళ్ళు నన్ను వీధిలో తిరగనివ్వరు. పూరీ జగన్నాథ్! ఈ పక్కనే బాపిరాజు కొత్తపల్లి ఆయన సొంతవూరు. 2000లో 'బద్రి'తో మొదలెట్టి, 2006లో 'పోకిరి'తో బాక్సాఫీసు దుమ్ము లేపారు. 2012లో ఆయన సినిమాలు మూడు, 2015లో మళ్ళీ మూడు. డైరెక్టరుకి ఏడాదికి మూడంటే మాటలా? కథ రాసుకోవడానికి మాత్రం బ్యాంకాక్, పటాయా సముద్రం ఒడ్డుకి పోతారు. విశ్రాంతీ పనీ ఒకే ఒడ్డున! కొడుకు ఆకాష్‌ని హీరోగా పెట్టి 2018లో 'మెహబూబా' తీశారు. 2019లో 'ఇస్మార్ట్ శంకర్' తర్వాత జోరు తగ్గింది. 2022లో 'లైగర్', 2024లో 'డబుల్ ఇస్మార్ట్', రెండూ నిరాశపరిచాయి. ఇసకలో కూర్చుని రాసినంత మాత్రాన శుక్రవారం భయం పోదు కాబోలు.

ఇక్కడి కుర్రాళ్ళలో పూరీగారి దారిన హైదరాబాదు పోదామనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకో సంగతి చెప్పాలి. హీరో ఆరింటికి కారెక్కితే యూనిట్ అంతా ఇల్లు చేరిందనుకోకండి. లైట్‌బాయ్ హీరో కంటే ముందు వస్తాడు, వెనకాల వెళతాడు. అసిస్టెంట్ డైరెక్టరయితే ఇల్లన్న మాట మరిచిపోవాల్సిందే. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం కూలి పెంచమని 18 రోజులు సమ్మె చేశారు. రోజుకి 2000 రూపాయల లోపు వచ్చేవాళ్ళకి చివరకి మూడేళ్ళ మీద 22.5 శాతం దక్కింది. ఆ చర్చల్లో నిర్మాతలు అడిగిన వాటిలో ఒకటి వినండి: 12 గంటల కాల్షీటుని పొద్దున ఆరింటికో, తొమ్మిదింటికో తమ వీలుని బట్టి మొదలెట్టుకునే వెసులుబాటు. అంటే ఒక రోజు సాయంత్రం ఆరింటికి వదుల్తారు, ఒక రోజు రాత్రి తొమ్మిదింటికి. పిల్లాడి హోంవర్కు ఏ పూట చూడాలో ఆ లైట్‌బాయ్‌కి ముందురోజు దాకా తెలీదు. శోభన్ బాబు పద్ధతిని మెచ్చుకునే మనం ఈ లైట్‌బాయ్‌కి ఆరు ఎప్పుడు కొడుతుందో కూడా అడగాలి. నా మట్టుకు నేను ఈ విషయంలో కార్మికుల పక్షమే.

శోభన్ బాబు చివరి చిత్రం 1996లో వచ్చిన 'హలో గురూ'. అప్పటికి ఆయనకి 59 ఏళ్ళు. తోటివాళ్ళు తండ్రి వేషాలకీ, తాత వేషాలకీ మారుతుంటే ఆయన మాత్రం వద్దనుకున్నారు. మద్రాసులోనే, తన ఇంట్లో, 2008 మార్చి 20న పోయేదాకా పన్నెండేళ్ళు కెమెరా ముఖం చూడలేదు. మధ్యలో ఒకసారి 'అతడు' సినిమాలో పెద్దాయన వేషానికి ఖాళీ చెక్కు పంపి బతిమాలానని నిర్మాత మురళీమోహన్ చెప్పారు. జనం మనసులో తన రూపం సోగ్గాడిగానే ఉండిపోవాలని శోభన్ బాబు ఆ చెక్కుని వెనక్కి పంపేశారట. 2005లో సినిమా విడుదలయింది. ఆ వేషం నాజర్ వేశారు.