వార్తల్లో పదం: డీసీల్–రీసీల్
ఎఫ్-111 యుద్ధవిమానంలో రెక్కలు, పొట్ట లోపలి ఖాళీలే ఇంధన ట్యాంకులు. అతుకుల్లో పూసిన సీలెంట్ పాడైతే ఇంధనం కారుతుంది. పాతది ఊడగొట్టి కొత్తది పూయడమే డీసీల్–రీసీల్. క్వీన్స్‌లాండ్‌లోని ఆంబర్లీ స్థావరంలో 1970ల చివరి నుంచి 2000 దాకా ఆస్ట్రేలియా వైమానిక సిబ్బంది ఈ పని చేశారు. మనిషి పట్టడమే కష్టమైన ట్యాంకుల్లోకి పాక్కుంటూ దూరి, రసాయనాల ఆవిర్ల మధ్యే పాత సీలెంట్ గీకేవారు. స్నానం చేసినా కంపు వదిలేది కాదు. రక్షణ సామగ్రి ఉండేది, పేరుకి! 2001 నాటి విచారణ బోర్డు ఈ లోపాన్నీ తప్పుబట్టింది. తర్వాతి అధ్యయనంలో వీరిలో కుంగుబాటు, మతిమరుపు, లైంగిక, చర్మ సమస్యలు ఎక్కువగా తేలాయి. ఫలానా రసాయనమే కారణమని చెప్పడం కష్టం. ఇంధనం, ద్రావకాలు, సీలెంట్లు కలగలిసే ఒంట్లోకి వెళ్లాయి మరి. 2005లో ప్రభుత్వం అర్హులకు 40,000 డాలర్ల దాకా ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది.