గ్రామములలో ఉపగ్రహ టెలివిజన్: అమరిక, ఖర్చు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పల్లెలలో నేడు మిద్దెలపైన, రేకుల ఇండ్లపైన ఆకాశమువైపు ముఖము త్రిప్పిన చిన్న డిష్షులు కనిపించుచున్నవి. కేబులు తీగ చేరని దూరపు తండాలకును, నల్లమలలోని చెంచు పెంటలకును టెలివిజన్ చేరవలెనన్న ఇదియే సులభమైన మార్గము. ఇటీవల కంపెనీల మనుష్యులు ఊళ్లకు వచ్చి, ఉన్నత శ్రేణి సేవ యనియు, మరింత స్పష్టమైన బొమ్మ యనియు చెప్పి క్రొత్త కనెక్షన్లను అమ్ముచున్నారు. అమ్మువాడు చెప్పునది సామాన్యముగా మొదటి నెల ధర. కుటుంబము భరించునది మాత్రము ఏండ్ల తరబడి చెల్లించు ధర. ఈ రెంటికిగల భేదమును గ్రామస్థులకు తెలియజెప్పగలవారు పంచాయతీ సభ్యులే. కావున ఈ సేవ ఏ విధముగ పనిచేయును, దానిని ఎట్లు అమర్చవలెను, దానికి ఎంత ఖర్చగును అను విషయములను ఇచట వివరించుచున్నాము.

నాడు ఊరికొక పెట్టె

ఉపగ్రహము నుండి పల్లెకు నేరుగా టెలివిజన్ అందుట మనకు క్రొత్త సంగతి కాదు. 1975 ఆగస్టు 1వ తేదీ నుండి 1976 జూలై 31 వరకు ఒక సంవత్సరకాలము, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము సాయముతో మన దేశమున ఒక గొప్ప ప్రయోగము జరిగినది. దానిని సైట్ అని పిలిచిరి. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములను అందుకు ఎన్నుకొనిరి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. గద్వాల నడిగడ్డకు పడమట ఆనుకొనియున్న రాయచూరు జిల్లా గ్రామములు కర్ణాటక భాగమున చేరినవి. గ్రామములలో నిలిపిన పెట్టెలు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారమున తయారైనవి. కోళ్ల గూళ్లకు వాడు వలవంటి ఇనుప జాలితో పది అడుగుల వెడల్పుగల డిష్షులను చేసి, బడి యొద్దనో పంచాయతీ భవనము యొద్దనో నిలిపిరి. ఉదయమున బడి పిల్లలకు పాఠములు, సాయంకాలమున పెద్దలకు సేద్యము, ఆరోగ్యము మున్నగు విషయములు చూపిరి. మన భాషయగు తెలుగులో కూడ కార్యక్రమములు వచ్చినవి.

ఆనాడు ఊరంతటికి ఒకే పెట్టె. దాని ఖర్చు ప్రభుత్వము భరించినది. నేడు ఇంటికొక పెట్టె. దాని ఖర్చు ఆ ఇంటివారిది. మార్పు ఇచటనే యున్నది.

ఇది పనిచేయు విధము

భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహము నిలిచి, భూమితో సమముగ తిరుగుచుండును. కావున మనకు అది ఆకాశమున ఒకే చోట కదలక యున్నట్లే లెక్క. కార్యక్రమములను నేలపై నుండి దానికి పంపుదురు. అది తిరిగి దేశమంతటిపై వెదజల్లును. డిష్షు ఆ బలహీనమైన తరంగములను తన ముందున్న చిన్న గ్రాహకము మీదకు చేర్చును. గ్రాహకము నుండి తీగ ఇంటిలోని సెట్‌టాప్ పెట్టెకు వచ్చును. ఆ పెట్టె సంకేతమును విప్పి టెలివిజన్‌కు బొమ్మగ అందించును. డబ్బు చెల్లించు సేవలలో, చెల్లించిన ఛానళ్లకు మాత్రమే పెట్టె తాళము తీయును.

నేటి ఉపగ్రహములు శక్తిమంతములు. తరంగములు మిక్కిలి సూక్ష్మములు. అందుచేతనే పది అడుగుల డిష్షుకు బదులు రెండడుగుల డిష్షు చాలుచున్నది. అయితే ఈ సూక్ష్మ తరంగములను పెద్ద వాన చినుకులు పీల్చివేయును. గట్టి వర్షము కురియునపుడు బొమ్మ కొంతసేపు ఆగిపోవుటకు కారణమిదియే. అది పెట్టె చెడిపోవుట కాదు. వాన వెలిసినంతనే బొమ్మ మరల వచ్చును. ఈ సంగతి తెలియక మరమ్మతుకు డబ్బు పోగొట్టుకొనరాదు.

అమర్చునపుడు చూడవలసినవి

మన ప్రాంతము నుండి చూచినచో ప్రస్తుతము వాడుకలోనున్న ఉపగ్రహములు దక్షిణమునకును తూర్పునకును మధ్యన, నెత్తికి కొంత దిగువగ నుండును. ఉదాహరణకు దూరదర్శన్ వారి ఉచిత సేవను మోయు ఉపగ్రహము 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశముపై నున్నది. గద్వాలలో నిలిచి చూచినచో అది సరిగా ఆగ్నేయ మూలగా, నేల నుండి సుమారు 64 డిగ్రీల ఎత్తున నుండును. ప్రైవేటు సేవల ఉపగ్రహములు వేరు వేరు రేఖాంశములపై నున్నవి. కనుక ఒక సేవ నుండి మరొక సేవకు మారినచో డిష్షు ముఖమును మరల త్రిప్పవలసి వచ్చును. తరచు పెట్టెను కూడ మార్చవలసి వచ్చును.

డిష్షుకు ఆ దిక్కున ఆకాశము తెరపిగ నుండవలెను. వేపకొమ్మయో చింతకొమ్మయో అడ్డువచ్చినచో సంకేతము అందదు. ఎండకాలమున ఆకు రాలినపుడు బిగించిన డిష్షు, చిగురు వచ్చిన పిదప పనిచేయకపోవచ్చును. గోడకుగాని స్లాబుకుగాని మరలు గట్టిగ బిగింపవలెను. డిష్షు వ్రేలెడు కదలినను బొమ్మ పోవును. రేకు మీద బిగించుట మంచిది కాదు. గాలికి రేకు ఊగును. విద్యుత్తు తీగలకు దూరముగ అమర్చవలెను. ఉరుములు మెరుపులు గల సమయమున పెట్టెకు, టెలివిజన్‌కు ప్లగ్గులు తీసివేయుట క్షేమము. తీగలో జాయింట్లు ఎంత తక్కువగ నున్న అంత మేలు.

ఖర్చు ఏ విధముగ పెరుగును

చెల్లింపు సేవ ఖర్చులో నాలుగు భాగములు కలవు. మొదటిది పెట్టె, డిష్షు, బిగించు కూలి. ఇది ఒక్కసారి ఇచ్చునది. రెండవది నెలనెలా చెల్లించు నెట్‌వర్కు రుసుము. మూడవది మనము కోరిన ఛానళ్ల ధర. నాలుగవది 18 శాతము జి.ఎస్.టి.

2019 ఫిబ్రవరి నుండి నియంత్రణ సంస్థయగు ట్రాయ్ వారి క్రొత్త విధానము అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఛానళ్లను విడివిడిగ కోరుకొను హక్కు చందాదారునకు కలదు. నెట్‌వర్కు రుసుము నెలకు 130 రూపాయలు మించరాదని మొదట నిర్ణయించిరి. బిగించు కూలికి 350 రూపాయలు, ఆరంభ రుసుమునకు 100 రూపాయలు గరిష్ఠ పరిమితి యుండెను. 2024 జూలైలో ఈ పరిమితులను తొలగించిరి. ధరలను కంపెనీలే నిర్ణయించుకొనవచ్చును. కాని వానిని బహిరంగముగ ప్రకటింపవలెను. కావున పాత లెక్క నమ్ముకొని యుండరాదు. అడిగి తెలిసికొనవలసిన బాధ్యత నేడు కొనువానిపై పడినది.

ఉన్నత శ్రేణి సేవ విషయమున మరి రెండు సంగతులు గమనింపదగినవి. ఇంటిలోని టెలివిజన్ హెచ్.డి. బొమ్మను చూపగలది కానిచో, హెచ్.డి. ఛానళ్లకు అధికముగ చెల్లించుట వృథా. ఇంటర్నెట్టుతో పనిచేయు పెట్టె కొన్నచో, ఇంటర్నెట్టు ఖర్చు వేరుగ నుండును. రెండవ టెలివిజన్‌కు రెండవ పెట్టెయు, అదనపు రుసుమును కావలెను.

ఒక లెక్క వేసి చూతము. పన్నుగాక నెలకు 300 రూపాయల ప్యాకేజీ అనుకొందము. ఏడాదికి 3,600 రూపాయలు. పన్ను 648 రూపాయలు. మొత్తము 4,248 రూపాయలు. ఐదేండ్లకు, ధర పెరగకున్నను, 21,240 రూపాయలు. ఊరిలో ఇట్టి కనెక్షన్లు 200 ఉన్నచో ఏడాదికి 8,49,600 రూపాయలు ఊరు దాటి పోవును. టెలివిజన్ వలదని మేము చెప్పుట లేదు. పగలంతయు చేనిలో పనిచేసి వచ్చినవారికి వినోదము అవసరమే. అయితే ఈ మొత్తము తెలిసి ఖర్చు చేయుట వేరు, తెలియక పోగొట్టుకొనుట వేరు.

నెలసరి రుసుము లేని మార్గము

2004 డిసెంబరులో దూరదర్శన్ వారు ప్రారంభించిన సేవ నేడు డి.డి. ఫ్రీ డిష్ అను పేర నడచుచున్నది. డిష్షు, పెట్టె ఒకసారి కొన్నచో చాలును. అందుకు సుమారు 2,000 రూపాయలు అగును. పిదప నెలసరి చెల్లింపు లేదు. తెలంగాణకు చెందిన దూరదర్శన్ యాదగిరి ఛానలును, బడి పిల్లలకు తరగతుల వారీ పాఠములు చెప్పు పి.ఎం. ఈ-విద్య ఛానళ్లును ఇందు లభించును. ప్రజాదరణగల ప్రైవేటు ఛానళ్లు అన్నియు ఇందు ఉండవు. ఆ లోటును తెలిసియే ఎన్నుకొనవలెను.

పంచాయతీ చేయదగినది

ఈ జిల్లాల నుండి అనేక కుటుంబములు పనుల కొరకు హైదరాబాదు, ముంబయి, పూణే నగరములకు వలస పోవును. ఇంటికి తాళము వేసిన నెలలకు కూడ డబ్బు చెల్లింపనక్కరలేదు. 2017 నాటి నియమావళి ప్రకారము, ముందుగా తెలిపి ఒక నెలగాని అంతకు మించిగాని సేవను నిలుపుదల చేయించుకొనవచ్చును. ఈ సంగతి వారికి తెలుపవలెను.

ఎవరైన క్రొత్త సేవను అమ్మ వచ్చినపుడు ఈ ఐదు ప్రశ్నలకు జవాబులను కాగితముపై వ్రాయించుకొనుమని గ్రామసభలో చెప్పుడు. పెట్టె మనదా, అద్దెకు ఇచ్చినదా? మొదటి నెల పిదప నెలకు పన్నుతో కలిపి ఎంత? కోరని ఛానళ్లను తీసివేయవచ్చునా? చెడిపోయినచో బాగుచేయువాడు ఎంత కాలములో వచ్చును, ఎంత తీసికొనును? సేవ వలదన్నచో పెట్టెను ఏమి చేయవలెను? రసీదు లేనిదే డబ్బు ఇయ్యరాదు. ఫిర్యాదు చేసినపుడు ఫిర్యాదు సంఖ్యను తప్పక వ్రాసికొనవలెను.

పంచాయతీ భవనమునకుగాని బడికిగాని ఒక పెట్టెను అమర్చదలచినచో, సమావేశమున తీర్మానము చేసి, ఐదేండ్ల ఖర్చును లెక్కవేసి, తీర్మానమున వ్రాయుట ఉచితము. చెల్లింపు సేవ పెట్టి, మరుసటి ఏడు నిధి లేక పెట్టె మూగపోవుటకంటె, ఉచిత సేవ నిత్యము పనిచేయుట మేలు. దానిని చూచుకొనుటకు ఒక మనిషిని నియమించుట మరువరాదు. ఎవరికిని అప్పగింపని పెట్టె ఎంత మంచిదైనను దుమ్ము పట్టక మానదు.

డిష్షు బిగించుటకు ఒక గంట చాలును. దాని లెక్క చూచుకొనుటకు మరొక గంట వెచ్చించినచో, ఆ ఇంటికి ఏండ్ల తరబడి మేలు కలుగును.