లుంగీకి లేని సిగ్గు లంగాకు ఎందుకు?



మన ఊర్లల్ల మొగోళ్లు ఇంటికాడ ఏం కట్టుకుంటరు? లుంగీ. లుంగీ అంటే ఏమిటి? సుమారు రెండు మీటర్ల గుడ్డ. రెండు కొసలు కలిపి కుడితే గొట్టం లాగా అవుతది. దానికి కాళ్లు ఉండవు, గుండీలు ఉండవు. నడుము కాడ ముడి వేస్తే అయిపాయె. మరి లంగా అంటే ఏమిటి? అది కూడా గుడ్డే. దానికి కూడా కాళ్లు ఉండవు. ముడికి బదులు నాడ ఉంటది. అంతే తేడా.

అయినా లుంగీ కట్టిన మనిషిని చూసి ఎవ్వరూ నవ్వరు. అదే మనిషి లంగా తొడిగితే బజారంతా నవ్వుతది. గుడ్డలో లేని తేడా ఎక్కడి నుండి వచ్చింది? ఈ వ్యాసంలో దాని గురించి తెలుసుకుందాం.

ముందుగా స్కాట్లాండు సంగతి చెప్తాను. అది బ్రిటన్‌లో ఉత్తరాన ఉన్న దేశం. అక్కడి కొండ ప్రాంతంలో మగవాళ్లు 'కిల్టు' అనే బట్ట కట్టేవారు. అది గళ్ల ఉన్ని గుడ్డ. మోకాళ్ల దాకా ఉంటుంది, వెనుక మడతలు మడతలుగా ఉంటుంది. చూస్తే అచ్చం స్కర్టు. పూర్వకాలం కిల్టు చాలా పెద్దగా ఉండేది. నడుముకు చుట్టగా మిగిలింది భుజం మీద వేసుకునేవారు. వాన పడితే కప్పుకునేవారు. రాత్రి అయితే అదే దుప్పటి. బురదలో నడిచినా, వాగు దాటినా కాళ్లకు అడ్డం పడదు. అంటే కొండల్లో బతికేవాళ్లకు అన్ని విధాలా పనికొచ్చే బట్ట అన్నమాట.

1746 ఏప్రిల్ 16న కలోడెన్ అనే చోట రాజు సైన్యానికి, తిరగబడ్డ కొండవాళ్లకు యుద్ధం జరిగింది. కొండవాళ్లు ఓడిపోయిండ్రు. వెంటనే ప్రభుత్వం ఒక చట్టం చేసింది. 1747 ఆగస్టు 1 నుండి అక్కడి మగవాళ్లు, పిల్లగాండ్లు ఎవ్వరూ కిల్టు కట్టరాదు. కడితే మొదటిసారి 6 నెలలు జైలు. రెండోసారి కడితే సముద్రం అవతలికి 7 ఏండ్లు పంపేస్తారు. ఒక గుడ్డకు ఇంత శిక్షా అని మనకు ఆశ్చర్యం కలుగుతుంది. కాని ఆ గుడ్డ పోతే మేము కొండవాళ్లము అనే గుర్తు పోతుంది, అప్పుడు మళ్లీ తిరగబడరు అని ప్రభుత్వం ఆలోచన. రాజు సైన్యంలో చేరినవాళ్లకు మాత్రం కిల్టు కట్టుకోవచ్చు అన్నరు! 1782లో ఆ చట్టం రద్దు అయింది. 1822లో రాజు నాలుగో జార్జి స్కాట్లాండుకు వచ్చి, తానే కిల్టు కట్టిండు. జైలు బట్ట రాజు బట్ట అయింది. గుడ్డ మారలేదు, చూసేవాళ్ల కన్ను మారింది. ఇప్పుడు అక్కడ పెండ్లిండ్లకు మగవాళ్లు కిల్టు కట్టుకుంటరు. వాళ్లను ఆడంగి అని ఎవరూ అనరు.

ఇంకా చాలా దేశాలలో ఇట్లనే ఉన్నది. ఫిజీ దీవుల్లో పోలీసులు రంపం పండ్ల వంటి అంచు ఉన్న తెల్లటి 'సులు' కట్టుకుని డ్యూటీ చేస్తరు. గ్రీసు దేశంలో కాపలా సైనికులు 400 మడతల తెల్ల గౌను వంటిది ధరిస్తరు. భూటాన్‌లో మగవాళ్లు మోకాళ్ల దాకా 'ఘో' వేసుకుంటరు. పోలీసు, సైనికుడు కట్టినప్పుడు అది ఆడబట్ట అని ఎట్ల అంటాము?

బర్మా సంగతి ఇంకా విచిత్రం. పూర్వం మన తెలుగువాళ్లు పనికి పోయి 'రంగం' అని పిలిచిన రంగూన్ ఆ దేశంలోనిదే. అక్కడ మగవాళ్లు, ఆడవాళ్లు ఇద్దరూ లుంగీ వంటిదే కడతరు. మగవాళ్లది 'పసో', ఆడవాళ్లది 'తమేన్'. కొలత ఇంచుమించు ఒక్కటే, ముడి వేసే తీరు వేరు. కాని అక్కడ ఒక నమ్మకం ఉన్నది. ఆరేసిన తమేన్ కింది నుండి మొగోడు నడిస్తే వాని శక్తి పోతదట! 2021 ఫిబ్రవరి 1న సైన్యం ఆ దేశంలో అధికారం గుంజుకున్నది. జనం వీధుల్లోకి వచ్చిండ్రు. అప్పుడు ఆడవాళ్లు ఏం చేసిండ్రంటే, తాళ్లు కట్టి వీధికి అడ్డంగా తమ తమేన్‌లు ఆరేసిండ్రు. తుపాకులు పట్టుకున్న సిపాయిలు వాటి కింది నుండి రావడానికి వెనుకాడిండ్రు. ఆడదాని బట్ట తక్కువది అన్న నమ్మకాన్నే ఆ అక్కలు ఆయుధం చేసుకున్నరు. నాకు ఇది చదివినప్పుడు నవ్వు వచ్చింది, తర్వాత కోపం కూడా వచ్చింది. ఆరేసిన గుడ్డకే అంత భయపడితే, దాన్ని కట్టుకునే మనిషిని ఏమనుకుంటున్నట్లు?

ఇప్పుడు ఆడవాళ్ల వైపు చూద్దాం. పారిస్ పట్టణంలో 1800లో ఒక ఉత్తర్వు వచ్చింది. ఆడవాళ్లు మగవాళ్ల లాగా బట్టలు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి తీసుకోవాలి. తర్వాత 1892లో, 1909లో కొంచెం సడలించిండ్రు. చేతిలో గుర్రం కళ్లెం గాని సైకిల్ హ్యాండిల్ గాని ఉంటే ప్యాంటు వేసుకోవచ్చట! ఆ ఉత్తర్వు చెల్లదు అని ప్రభుత్వం చెప్పింది 2013లో. సూడాన్ దేశంలో 2009లో లుబ్నా హుస్సేన్ అనే విలేకరిని ప్యాంటు వేసుకున్నందుకు పట్టుకుని జరిమానా వేసిండ్రు. ఆ చట్టాన్ని 2019లో తీసేసిండ్రు. మన దేశంలో కేరళలో బాలుస్సేరి సర్కారు బడిలో 2021 డిసెంబరులో 11వ తరగతి అమ్మాయిలకు కూడా ప్యాంటు, చొక్కా యూనిఫారం పెట్టిండ్రు. కొందరు వద్దని గొడవ చేసిండ్రు. పిల్లలు మాత్రం బస్సు ఎక్కడానికి సులువుగా ఉంది అన్నరు.

ఆడపిల్లలు ప్యాంటు కోసం ఎంతో కొట్లాడిండ్రు. ఇప్పుడు చాలా చోట్ల ప్యాంటు వేస్తే ఎవరూ ఏమనరు. "మొగపిల్లగాని లెక్క ఉన్నది, ధైర్యవంతురాలు" అని మెచ్చుకుంటరు కూడా. కాని మొగపిల్లగాడు లంగా తొడిగితే మెచ్చుకోరు. ఎందుకు? ఇక్కడే అసలు విషయం ఉన్నది. మన దగ్గర భయపడ్డ మొగోన్ని ఏమని తిడతరు? "గాజులు తొడుక్కో పో" అంటరు. "చీర కట్టుకుని ఇంట్ల కూసో" అంటరు. అంటే వాళ్ల లెక్కల ప్యాంటు వేసిన ఆడపిల్ల పైకి ఎక్కింది, చీర కట్టిన మొగోడు కిందికి దిగిండు. కాబట్టి లంగా తొడిగిన మొగపిల్లగాన్ని చూసి నవ్వే నవ్వు వాని మీద కాదు. రోజూ లంగా, గాజులు వేసుకునే మన మీద. మనం కూడా వాళ్లతో కలిసి నవ్వుతాము, చూడుండ్రి!

మా గోండులల్ల ఈ నవ్వు లేకుండె. దీపావళికి ముందు దండారి పండుగ వస్తది. గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని ఆడతరు. వారితో పాటు కొందరు యువకులు చీర కట్టి, నగలు పెట్టి ఆడవేషం వేస్తరు. వారిని పోరిక్ అంటరు. దండారి ఒక ఊరి నుండి ఇంకొక ఊరికి పోతే ఆ ఊరోళ్లు ఎదురు వచ్చి పిలుచుకుంటరు, అన్నం పెడతరు. పోరిక్‌ను చూసి ఎవ్వరూ హేళన చెయ్యరు. గుస్సాడి ఆటకు మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కాలం చేసిండ్రు.

మా చిన్నాయన కొడుకు రెండేండ్లు పోరిక్ అయిండు. బాగా ఆడతడు. వాళ్ల కాలేజీల ఎవరో ఫోన్ల ఫోటో తీసి అందరికీ చూపించి, "గాజులు ఏవిరా" అన్నరట. మరుసటి ఏడు పోరిక్ కట్టను అన్నడు. తాత ఏమీ అనలేదు, లేచి బయటికి పోయిండు. నేను అన్నను అడిగితే, "చీర కట్టుడు నాకు సిగ్గు కాదు చెల్లె, వాళ్లు నవ్వుడే సిగ్గు అయింది" అన్నడు. ఆ రెండు మాటలు నేను మరువలేను. స్కాట్లాండులో బట్ట మాన్పించడానికి చట్టం, జైలు కావలసి వచ్చింది. మనకు నలుగురు నవ్వితే చాలు, మనమే మానేస్తున్నం.

"అయితే మొగోళ్లందరూ లంగాలు తొడగాల్నా?" అని మీరు అడగవచ్చు. అది కాదు నేను చెప్పేది. ఎవరికి పనికొచ్చేది, ఇష్టమైనది వారు కట్టుకోవాలి. చలికి, ఎండకు, పనికి, పండుగకు బట్ట. ఒకరిని తక్కువ చెయ్యడానికి కాదు.

కనుక మన హాస్టల్ల "గాజులు తొడుక్కో" అనే మాట వాడవద్దు. ఆ గాజులు పెట్టిన చేతులే నీళ్లు మోస్తున్నయి, పత్తి ఏరుతున్నయి, ఈ వ్యాసం రాస్తున్నయి.

కోలాం, ప్రధాన్, తోటి, నాయకపోడు, లంబాడ అక్కచెల్లెళ్లు! మీ ఊర్లల్ల పండుగలకు మొగోళ్లు ఏం కట్టుకుంటరో మీ తాతలను, అవ్వలను అడిగి రాసి ఇయ్యండి. వచ్చే నెల గోడ పత్రికల పెడదాం.

— 9వ తరగతి విద్యార్థిని