ఫైళ్ల రహస్య ప్రయాణము

ఒకేసారి పలువురకు సేవచేయు కంప్యూటర్లను సర్వర్లందురు. వీని యెదుట మనుష్యులు కూర్చుండుట అరుదు. వీనిని నడపువారు దూరమున నుండి, తెరమీది బొమ్మలను నొక్కుటకు మారుగా, ఒక్కొక్క పంక్తి ఆజ్ఞ వ్రాసి పని చేయింతురు. ఒక సర్వరునందలి ఫైలునకు వేరొకదానిలో ప్రతి చేయుటయు నిట్టి పనియే.

1980వ దశకమున అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమువారు ఇందులకు ఆర్.సి.పి. అను సాధనమును రూపొందించిరి. అది ఫైలును ఉన్నదున్నట్లు పంపెడిది. పోస్టుకార్డు మీది వ్రాతవలె దానిని దారిలో నెవరైనను చదువవచ్చును. దూరపు యంత్రములలో ప్రవేశించుటకు ఆనాడు వాడిన సాధనములు పాస్‌వర్డులను సైతము అట్లే పంపుచుండెను.

1995లో ఫిన్లండు దేశపు హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయమున దీని ఫలితము కనిపించెను. ఎవరో అచటి నెట్‌వర్కులో పొంచియుండి పాస్‌వర్డులను దొంగిలించిరి. అచట పరిశోధకుడుగా నున్న తాతు యులోనెన్ దీనికి విరుగుడుగా ఎస్.ఎస్.హెచ్. అను ప్రోగ్రామును వ్రాసి, ఆ జులై నెలలో అందరకు ఉచితముగా నిచ్చెను. దానితోపాటు వచ్చినదే ఎస్.సి.పి. ఆ యేడు ముగియులోపల సుమారు 50 దేశములలో 20,000 మంది దానిని వాడుచుండిరని అంచనా.

ఆజ్ఞ చిన్నది. ఎస్.సి.పి. అని వ్రాసి, ఫైలు పేరును, పిదప చేరవలసిన యంత్రము పేరును, ఒకదానిపై నొకటిగా రెండు చుక్కలను, అచటి స్థానమును వ్రాయవలెను. ఆ చుక్కలను మరచితిమా, ఫైలు గడప దాటదు. మన యంత్రముననే ఆ పేరుతో మరియొక ప్రతి పుట్టును!

ఫైలు బయలుదేరుటకు ముందు రెండు యంత్రములును కొన్ని సంఖ్యలను బాహాటముగానే మార్చుకొనును. వానినిబట్టి ఆ రెండును ఒకే రహస్యసంఖ్యను కట్టుకొనును. నడుమ వినువాడు మాత్రము దానిని కనుగొనజాలడు. 1976లో డిఫీ, హెల్మన్ అను నిద్దరు ప్రకటించిన ఈ గణిత విధానము నిజముగా ఆశ్చర్యకరమైనది. ఆ సంఖ్యయే తాళపుచెవి. దానితో ఫైలంతయు గూఢలిపిగా మారి సాగును.

తాళము ఎంత గట్టిదైనను, ఆవలి కొస నున్నది మనము కోరిన యంత్రమేనా? నడుమ నొక మోసగాడు నిలిచి తానే ఆ సర్వరునని పలికినచో, రహస్యమంతయు వాని చేతికే చిక్కును. అందువలన ప్రతి సర్వరునకు వ్రేలిముద్రవంటి గుర్తు ఒకటి కలదు. మొదటిసారి ప్రోగ్రాము ఆ గుర్తును చూపి, ఇది సరియైనదేనా యని అడుగును. సర్వరు అధికారి వేరు మార్గమున తెలిపిన గుర్తుతో దానిని పోల్చి చూడవలెను. పెక్కుమంది చూడకయే ఔనందురు. ఇంత శ్రమపడి కట్టిన కోటకు తలుపు తెరచి యుంచుట యిదియే. పిమ్మట ప్రోగ్రాము ఆ గుర్తును దాచుకొనును. మరియొకనాడు అది మారి కనిపించినచో గట్టిగా హెచ్చరించి నిలిచిపోవును. సర్వరును క్రొత్తగా సిద్ధపరచిరో, మోసగాడే వచ్చెనో ప్రోగ్రామునకు తెలియదు. ఆ సంగతి అధికారినే ఫోనులో అడిగి తెలిసికొనవలెను.