ఫోన్‌లో తోపు.. ల్యాప్‌టాప్ ముందు మాత్రం 'నాకు రాదన్నా'! ఎందుకిలా?

శంషాబాద్‌లో మా బాబాయ్ కొడుకు ఉంటాడు. ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద చాయ్ తాగే లోపు రీల్ ఎడిట్ చేసి అప్‌లోడ్ కూడా చేసేస్తాడు. అలాంటోడు మొన్న నా ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ చూసి చేతులు వెనక్కి లాక్కున్నాడు. 'నాకు రాదన్నా. ఏదన్నా నొక్కితే మొత్తం పోతది.'

ఎయిర్‌పోర్ట్ దగ్గర కార్గో ఆఫీసులో ఉద్యోగం. వారంలో ఎక్సెల్ టెస్ట్. డిగ్రీ అయ్యి ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు.

నేను చేసిన తప్పు

'ఇటివ్వు' అని మౌస్ లాక్కుని, పది నిమిషాల్లో వీలుకప్, పివట్ టేబుల్ చేసి చూపించా. తలూపాడు. మౌస్ చేతికిస్తే మళ్లీ మొదటికే! నా స్పీడ్ చూసి వాడికి భయం ఇంకా పెరిగింది.

సైన్స్ ఏం చెబుతోంది?

'ఈ పని నేను చేయగలను' అనే నమ్మకాన్ని సైకాలజిస్ట్ ఆల్బర్ట్ బండూరా 1977లో సెల్ఫ్ ఎఫికసీ అన్నారు. అది నాలుగు రకాలుగా వస్తుంది: సొంతంగా చేసి సాధించడం, మనలాంటోళ్లు చేస్తుంటే చూడటం, పక్కవాళ్ల ప్రోత్సాహం, టెన్షన్ తగ్గడం. వీటిలో మొదటిదే బలమైనది. నేను వాడికి దాన్నే దక్కకుండా చేశా.

1995లో కాంపో, హిగ్గిన్స్ అనే పరిశోధకులు కంప్యూటర్ల విషయంలో ఈ నమ్మకాన్ని కొలవడానికి 10 ప్రశ్నలు తయారుచేశారు. చెప్పేవాళ్లెవరూ పక్కన లేకపోయినా కొత్త సాఫ్ట్‌వేర్‌తో పని పూర్తి చేయగలరా అన్నది వాటిలో ఒకటి. నమ్మకం లేకపోతే ముట్టుకోం. ముట్టుకోకపోతే రాదు. రాలేదు కాబట్టి నమ్మకం ఇంకా తగ్గుతుంది.

రెండోసారి ఇలా చేశాం

ఫైల్ కాపీ తీసి 'దీన్ని పాడు చెయ్' అన్నా. కాలమ్ డిలీట్ చేశాడు. కంట్రోల్ జెడ్ కొట్టగానే తిరిగొచ్చింది. వాడి మొహంలో నవ్వు! తర్వాత వాడి ఫోన్‌లోనే గూగుల్ షీట్స్ తెరిచి, బండి పెట్రోల్ ఖర్చు టోటల్ చేయమన్నా. ఆ తర్వాతే ల్యాప్‌టాప్. నేను మౌస్ ముట్టలేదు.

నమ్మకం ఒక్కటుంటే ఫార్ములాలు వచ్చెయ్యవు, ప్రాక్టీస్ చేయాల్సిందే. కానీ కుర్చీలోంచి లేచిపోకుండా కూర్చోబెట్టేది అదే. దీనికి కొత్త ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు, ఇంట్లో ఉన్న పాతది చాలు.

టెస్ట్ రిజల్ట్ ఇంకా రాలేదు. ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాడట. 'లేచి వచ్చెయ్యలేదన్నా, వేరే ఫార్ములా ట్రై చేసిన' అన్నాడు. మీ ఇంట్లో కూడా ఎవరైనా 'నాకు రాదు' అంటే, ముందు మౌస్ వాళ్లకే వదిలెయ్యండి.