పిచికారీ పరికరాలలో సెరామిక్ భాగాల ప్రాధాన్యం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో పత్తి, మిరప పైర్ల సాగు వ్యయంలో సస్యరక్షణ ప్రధాన భాగం. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఆశించినప్పుడు రైతులు మందు వెంట మందు పిచికారీ చేశారు. మందు ఎంపికపై చూపే శ్రద్ధ, ఆ మందు వెలువడే నాజిల్ రంధ్రంపై మాత్రం కనిపించదు.

కాపర్ ఆక్సీక్లోరైడ్, గంధకం వంటి పొడి మందులు నీటిలో కరగవు, కలిసి తేలుతాయి. ఆ రేణువులు ఒత్తిడితో దూసుకుపోతూ ఇత్తడి నాజిల్ అంచును క్రమంగా అరగదీస్తాయి. ఈ అరుగుదల కంటికి తెలియదు. నిమిషానికి 600 మి.లీ. ఇవ్వవలసిన నాజిల్ 660 మి.లీ. ఇస్తుంటే, అదే నడక వేగంతో ఎకరాకు 200 లీటర్ల ద్రావణానికి బదులు 220 లీటర్లు ఖర్చవుతుంది. ఖర్చు ఒక్కటే నష్టం కాదు. తుంపరలు లావై ఆకుపై నిలవక జారిపోతాయి. పూలలోనూ ఆకుల అడుగునా దాగిన తామర పురుగులకు మందు సరిగా అందదు.

ఈ సమస్యకు ఇంజనీరింగ్ సెరామిక్స్ చక్కని పరిష్కారం. వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్నది అల్యూమినా, అనగా అల్యూమినియం ఆక్సైడ్. మోస్ కాఠిన్య మానంపై దీని స్థానం 9, వజ్రానిది 10. ఇది తుప్పు పట్టదు, సాధారణ పురుగుమందులకు చెక్కుచెదరదు. మెత్తని పొడిని బంధకంతో కలిపి అచ్చులో అదిమి, సుమారు 1600 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద కాల్చుతారు. కాలినప్పుడు బిళ్ళ ప్రతి కొలతలోనూ 15 నుండి 20 శాతం వరకు కుంచించుకుపోతుంది గనుక అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేయాలి. కాలిన తర్వాత సవరించాలంటే వజ్రపు పనిముట్టు కావలసిందే. ధర ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

అల్యూమినా గట్టిదేగాని పెళుసు. కింద పడితే పగులుతుంది. పవర్ స్ప్రేయర్లలోని సెరామిక్ ప్లంజర్లకు ఇంకొక గండమున్నది: నీరు లేకుండా పంపు నడిచి వేడెక్కినప్పుడు చల్లని నీరు తగిలితే అవి చిట్లిపోతాయి. జిర్కోనియా ఇంతకంటే దెబ్బలకు ఓర్చుకుంటుంది, అయితే ఖరీదెక్కువ.

సెరామిక్ నాజిల్ కూడా శాశ్వతం కాదు, అరుగుదల నెమ్మదిస్తుందంతే. పూడుకుపోయిన నాజిల్‌ను తీగతో పొడవకుండా, నోటితో ఊదకుండా, నీటిలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో శుభ్రపరచాలి. పైరు కాలం మొదట్లో పాత నాజిల్‌ను, అదే రకపు కొత్త నాజిల్‌ను ఒకే ఒత్తిడి వద్ద నిమిషం పాటు మంచినీటితో నడిపి, వచ్చిన నీటిని కొలపాత్రలో పోల్చాలి. తేడా 10 శాతం దాటితే పాతదానిని మార్చవలెను.