ఛాయాచిత్రమునకు రెండవ కన్ను

నేడు ఛాయాచిత్రము తీయుటకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. చేతిలోని ఫోనే కెమేరా. మీట నొక్కిన క్షణములో చిత్రము తెరపై కనిపించును. మరుక్షణమే దానిని పదిమందికి పంపవచ్చును. కాని పంపిన చిత్రమునకు వచ్చు సమాధానము సాధారణముగా "చాలా బాగున్నది" అను ఒక్క మాటయే. ఆ మాట తీసినవానికి సంతోషము కలిగించును గాని, రేపటి చిత్రము నేటి దానికంటె మెరుగగుటకు తోడ్పడదు. తీసినవాడు తన చిత్రమందలి లోపమును తానే ఏల చూడజాలడు? తోటివాడు దానిని ఎట్లు చూడగలడు? చూచినదానిని ఏ తీరున చెప్పినచో ప్రయోజనము కలుగును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము కొంత కంటి నిర్మాణములోను, కొంత కెమేరా పనిచేయు తీరులోను, కొంత మనస్తత్త్వ శాస్త్రములోను దొరకును.

ఒక చిత్రము – నాలుగు లోపములు

హైదరాబాదు నగరపు ఉత్తర భాగమున జీడిమెట్ల పారిశ్రామికవాడ ఉన్నది. మందులు, రసాయనములు, యంత్రభాగములు తయారుచేయు కర్మాగారములు అచట అనేకములు. దానికి దాపుననే ఫాక్స్ సాగర్ అను పెద్ద చెరువు కలదు. దీనినే జీడిమెట్ల చెరువనియు పిలుతురు. శీతకాలమున ఒక ఉదయము ఒక విద్యార్థి చెరువుగట్టున నిలిచి, సైకిలుపై పనికి పోవుచున్న కార్మికుని, అతని వెనుక నీటిని, దూరమున పొగగొట్టములను కలిపి ఒక చిత్రము తీసెననుకొనవచ్చును. ఆ చిత్రములో సైకిలుపై నున్న మనిషి అలికినట్లున్నాడు. నీటి అంచు ఒక ప్రక్కకు వాలియున్నది. వెనుకనున్న దీపస్తంభము ఆ మనిషి తలపై మొలచినట్లున్నది. దూరపు కట్టడములు తెల్లని మసకలో కలిసిపోయినవి. తోటి విద్యార్థికి ఈ నాలుగును ఒక్క చూపులో కనబడును. తీసినవానికి మాత్రము వీటిలో ఒక్కటియు కనబడకపోవచ్చును.

దీనికి కారణము అతని అజాగ్రత్త కాదు. కంటిలోపలి తెర మధ్యనున్న చిన్న గుంట మాత్రమే వస్తువులను మిక్కిలి స్పష్టముగా చూడగలదు. చేయి చాచి బొటనవ్రేలిని ఎత్తి పట్టినచో, ఆ వ్రేలి వెడల్పు ఎంత మేరను కప్పునో ఇంచుమించు అంత మేర మాత్రమే ఒక్కసారికి చక్కగా కనబడును. అది సుమారు రెండు డిగ్రీలు. కన్ను క్షణక్షణము కదలుచు ముక్కలు ముక్కలుగా చూచినదానిని మెదడు అతికి, ఒకే దృశ్యముగా కూర్చును. ఆ కూర్పులో తనకు కావలసినది ఉంచుకొని, తక్కినది విడిచిపెట్టును. సైకిలుపై మనిషిని చూడదలచినవానికి స్తంభముతో పని లేదు. కెమేరాకు అట్టి యెన్నిక లేదు. ఎదుటనున్నదంతయు దానికి సమానమే.

మరొక కారణము కలదు. మానవుని రెండు కన్నుల నడుమ సుమారు ఆరు సెంటీమీటర్ల ఎడమున్నది. అందుచే ఎడమ కంటికి కనబడు దృశ్యము కుడి కంటికి కనబడు దానితో సరిగా కలియదు. ఆ తేడానుబట్టి మెదడు దగ్గరి వస్తువును దూరపు వస్తువు నుండి వేరు చేయును. కెమేరాకు ఒకే కన్ను. దాని చిత్రములో మనిషి, అతని వెనుకనున్న స్తంభము ఒకే తలముపై పడును. ఒక కన్ను మూసికొని చూచినచో ఈ సంగతి కొంత వరకు తెలియును.

నీటి అంచు వాలిన సంగతియు ఇట్టిదే. లోపలి చెవిలో శరీరపు నిలకడను తెలుపు అవయవము కలదు. తల కొంచెము వంగినను మెదడు ఆ వంపును లెక్కలోనికి తీసికొని, లోకమును నిలువుగానే చూపును. చిత్రమునకు మాత్రము నాలుగు అంచులున్నవి. వాటి ప్రక్కన వాలిన గీత వాలినట్లే కనబడును.

వీటన్నిటికి తోడు జ్ఞాపకము. తీసినవాడు చిత్రమును చూచునపుడు ఆనాటి చలి, నడచిన దూరము, వేచియున్న కాలము కూడ గుర్తునకు వచ్చును. చిత్రములో లేనివానిని అతడు చిత్రములో చూచును. తోటివాడు ఆ గట్టుకు పోలేదు. అతనికి కాగితముపైననో, తెరపైననో ఉన్నది మాత్రమే ఆధారము. అతని కన్ను పనికివచ్చుట అధికమైన నేర్పువలన కాదు. అతడు అచట లేకపోవుటవలననే. కావున తొమ్మిదవ తరగతి బాలుడు సైతము అనుభవశాలియైన ఛాయాచిత్రకారునికి ఉపకరింపగలడు.

లోపము నుండి కారణమునకు

చూచుట మొదటి మెట్టు మాత్రమే. "చిత్రము మసకగా నున్నది" అని ఊరకున్నచో తీసినవానికి దారి తెలియదు. మసక అనేక విధములు. ప్రతి విధమునకు వేరు కారణమున్నది. చిత్రమంతయు ఒకే దిక్కునకు సాగినట్లున్నచో కెమేరా పట్టిన చేయి కదలినదని అర్థము. నిలిచియున్న గట్టు స్పష్టముగా నుండి, సైకిలు మాత్రము అలికినట్లున్నచో, వెలుగు పడుచున్న కాలములో సైకిలు కదలినదని అర్థము. మనిషి మెత్తగా కనబడి, అతని ముందరి గడ్డియో, వెనుక చెట్లో పదునుగా నున్నచో, కటకము మనిషిపై కాక వేరొక దూరముపై కుదిరినదని తెలిసికొనవలెను.

జీడిమెట్ల చిత్రములో కదలినది సైకిలు. సెకనుకు నాలుగు మీటర్లు పోవు సైకిలు, కెమేరా తెర సెకనులో 30వ వంతు కాలము తెరచియున్నచో, ఆ లోపల సుమారు 13 సెంటీమీటర్లు ముందుకు పోవును. సెకనులో 500వ వంతు మాత్రమే తెరచియున్నచో 8 మిల్లీమీటర్లే పోవును. మొదటి దానిలో ముఖము చెదరిపోవును; రెండవ దానిలో నిలుచును. అయితే ఈ మార్పు ఉచితముగా రాదు. లోనికి వచ్చు వెలుగు ఇంచుమించు పదునారవ వంతునకు తగ్గిపోవును. ఆ లోటు తీర్చుటకు కటకపు ద్వారమును నాలుగు మెట్లు విప్పవలెను. లేదా కెమేరా సున్నితత్వపు అంకెను 100 నుండి 1600 కు పెంచవలెను. ద్వారము విప్పినచో దగ్గరివి, దూరపువి కలిసి స్పష్టముగా నుండవు. అంకె పెంచినచో చిత్రములో ఇసుక చల్లినట్లు రవ్వలు కనబడును. కావున "వేగము పెంచవలసినది" అనుట సగము విమర్శయే. దేనిని వదలుకొని దేనిని పొందవలెనో కూడ చెప్పినపుడే అది పూర్తి యగును.

స్తంభమునకు మందు సులభము: రెండడుగులు ప్రక్కకు జరుగుట. వాలిన నీటికి మందు మరింత సులభము: అనేక ఫోనులలో తెరపై అడ్డుగీతలు చూపు ఏర్పాటు కలదు.

తప్పు వేరు, అభిరుచి వేరు

నాలుగవదైన మసక విషయములో చిక్కు వచ్చును. గాలి అణువులు నీలపు వెలుగును ఎరుపు వెలుగుకంటె ఎక్కువగా చెదరగొట్టును. తరంగదైర్ఘ్యపు నాలుగవ ఘాతమునకు విలోమముగా ఇది జరుగును గావున, 450 నానోమీటర్ల నీలము 700 నానోమీటర్ల ఎరుపుకంటె సుమారు ఆరు రెట్లు చెదరును. దూరపు కొండలు నీలముగా కనబడుటకు ఇది ఒక కారణము. ధూళి, పొగమంచు బిందువులు అణువులకంటె ఎంతయో పెద్దవి. అవి అన్ని రంగులను దాదాపు సమానముగా చెదరగొట్టును. అందుచే తెల్లని మసక ఏర్పడును. చలికాలపు ఉదయమున నేలను అంటియున్న చల్లని గాలిపై వెచ్చని గాలి మూతవలె నిలుచును. క్రింది పొగ పైకి పోలేక అచటనే పేరుకొనును.

"మసకవలన కట్టడములు కనబడుట లేదు, వాన వెలసిన తరువాత తీసిన బాగుండును" అని ఒకడనవచ్చును. "పారిశ్రామికవాడ ఉదయమున ఇట్లే యుండును, ఈ మసకయే చిత్రమునకు ప్రాణము" అని వేరొకడనవచ్చును. ఇందులో ఎవరిదియు తప్పు కాదు. సైకిలు ఎంత దూరము కదలినదో లెక్క కట్టవచ్చును. మసక ఉండదగునా, తగదా అనుటకు లెక్క లేదు. అది తీసినవాని ఉద్దేశముపై ఆధారపడియుండును. మంచి విమర్శకుడు ఈ రెంటిని వేరుచేసి చెప్పును. తన అభిరుచిని ప్రకృతి నియమమువలె ప్రకటించినచో, తీసినవాడు క్రమముగా తన కన్నును వదలుకొని ఇతరుల కన్నుతో చూచుట నేర్చుకొనును. అది అన్నిటికంటె పెద్ద నష్టము.

సంఘములు పుట్టిన తీరు

ఛాయాచిత్రములను పదిమంది కూడి చూచు అలవాటు ఆ విద్యతోపాటే పెరిగినది. 1839లో డాగురే పద్ధతి పారిస్ నగరమున వెల్లడింపబడినది. 1853లో లండనులో ఛాయాచిత్ర సంఘము ఏర్పడినది. 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తా, మదరాసు నగరములలోను ఇట్టి సంఘములు వెలసినవి. కోస్తా తెలుగు జిల్లాలు నాడు మదరాసు రాజధానిలోనివి. మదరాసు సంఘ స్థాపనకు పాటుపడిన అలెగ్జాండర్ హంటరు వృత్తిచే వైద్యుడు; మదరాసు కళాపాఠశాల స్థాపకుడు. నాటి సభ్యులలో అధికారులు, సైనికోద్యోగులు, వైద్యులు ఉండిరి. ఛాయాచిత్రణము వారికి జీవనోపాధి కాదు. తరువాతి కాలమున బ్రిటనులో టపా సంఘములు కూడ ఏర్పడినవి. సభ్యుల చిత్రములు ఒక కట్టగా ఊరూర తిరుగును. అందినవాడు ప్రతి చిత్రమునకు తన అభిప్రాయము వ్రాసి తరువాతివానికి పంపును. తన చిత్రమునకు వచ్చిన విమర్శను చూచుటకు సభ్యుడు వారముల తరబడి వేచియుండవలసి వచ్చెడిది.

హైదరాబాదుకు ఈ విద్యలో ఘనమైన చరిత్ర కలదు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళు (1844–1905) రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వోద్యోగిగా నుండి, తీరిక వేళల 1874 ప్రాంతమున కెమేరా పట్టినవాడు. ఇరువదవ శతాబ్దమున రాజా త్రయంబకరాజ్ బహద్దూరు ఇదే నగరమున ఔత్సాహిక ఛాయాచిత్రకారుడుగా పేరు గాంచెను. కోరుట్లలో పుట్టిన బండి రాజన్‌బాబు (1939–2011) రాయల్ ఛాయాచిత్ర సంఘపు ఫెలోగా గౌరవము పొందెను. 1950లో అంతర్జాతీయ సమాఖ్య తొలి మహాసభ స్విట్జర్లాండులోని బెర్ను నగరమున జరిగినది. 1953లో బెంగుళూరు వైద్యుడు జి. థామస్ కృషిచే భారత ఛాయాచిత్ర సమాఖ్య ఏర్పడినది.

ఇట్టి సంస్థల ఆదరణతో జరుగు పోటీ ప్రదర్శనలను సలోనులందురు. అందు న్యాయనిర్ణేతలు చిత్రమునకు అంకెలు వేయుదురు. చిత్రము అంగీకరింపబడును, లేదా తిరస్కరింపబడును. అది తీర్పు. తీర్పు వలన చిత్రము స్థాయి తెలియును గాని, కారణము తెలియదు. కారణము తెలియవలెనన్నచో తోటివారు కూర్చుండి మాటలాడవలెను.

మాట మేలు చేయునదెపుడు?

మాటలాడినంత మాత్రమున మేలు కలుగునా? 1996లో అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనీసీ అను ఇద్దరు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నపై అంతకు ముందు జరిగిన ప్రయోగముల ఫలితములను క్రోడీకరించి పరిశీలించిరి. పోల్చి చూచిన ఫలితములు 607. చేసిన పనిని గూర్చి అభిప్రాయము తెలుపుటవలన సగటున పని మెరుగైనది. కాని మూడింట ఒక వంతుకు పైగా సందర్భములలో పని మునుపటికంటె చెడినది! అభిప్రాయము పనిపై దృష్టిని నిలిపినపుడు మేలు కలుగుననియు, పని నుండి మనిషివైపునకు దృష్టి మరలినకొలది ఆ మేలు తగ్గిపోవుననియు వారు తేల్చిరి. ఇచట గమనింపవలసినది, తెగడ్తయే కాక పొగడ్తయు మనిషివైపునకు దృష్టి మరల్చగలదు. "నీకు చేతకాదు" అనుట, "నీవు పుట్టు కళాకారుడవు" అనుట – రెండును సైకిలు సంగతి చెప్పవు.

పాఠశాలలో చేయదగిన పద్ధతి

ఈ సూత్రములను తరగతిలో అమలు చేయుట కష్టము కాదు. నలుగురైదుగురు విద్యార్థులు ఒక జట్టుగా కూర్చుండవలెను. ప్రతివాడు ఒకే చిత్రము తేవలెను. మొదట తీసినవాడు మౌనముగా నుండవలెను. తక్కినవారు చిత్రములో తమ చూపు మొట్టమొదట దేనిపై పడినదో చెప్పవలెను. తీసినవాడు ముందే వివరించినచో ఇతరుల కన్ను కూడ అతని కన్నే యగును. తరువాత అతడు తాను చూపదలచినది చెప్పవలెను. రెంటికి గల దూరమే చర్చనీయాంశము. ప్రతి సభ్యుడు మూడు సంగతులు వరుసగా చెప్పవలెను: కనబడినది, దానికి కారణము, చేయదగిన మార్పు. ఇది లోపములకే కాదు, గుణములకును వర్తించును. బాగున్నది ఏల బాగున్నదో తెలిసినపుడే మరల చేయవచ్చును.

చివరి మెట్టు ముఖ్యమైనది. తీసినవాడు మరునాడు అదే చోటికి, అదే వేళకు పోయి, ఒక్క మార్పు మాత్రమే చేసి తిరిగి తీయవలెను. వేగము, చోటు, వేళ మూడును ఒక్కసారి మార్చినచో, ఫలితము దేనివలన కలిగినదో తెలియదు. ప్రయోగశాలలో ఒక రాశిని మార్చి తక్కినవానిని స్థిరముగా నుంచుట ఇందుకొరకే గదా! నేటి కెమేరాలు, ఫోనులు ప్రతి చిత్రముతోపాటు ద్వారము, కాలము, సున్నితత్వపు అంకె మొదలగు వివరములను దాచియుంచును. రెండు చిత్రములను, రెండు వివరముల పట్టికలను ప్రక్కప్రక్కన ఉంచినచో, విమర్శకుడు చెప్పిన మాట నిజమో కాదో అందరికిని కనబడును. ఒక్కొక్కసారి మొదటి చిత్రమే మేలని తేలును. అపుడు నేర్చుకొనవలసినవాడు విమర్శకుడు.

ఈ పద్ధతికి ఖరీదైన కెమేరా అక్కరలేదు, ప్రత్యేకమైన గది అక్కరలేదు. తన పనిని ఎదుటివాని ముందు ఉంచు ధైర్యము, ఎదుటివాని పనిని ఓపికగా చూచు మర్యాద కావలెను. విజ్ఞాన శాస్త్రజ్ఞులు తమ ఫలితములను ప్రకటించుటకు ముందు తోటి శాస్త్రజ్ఞుల పరిశీలనకు పంపుదురు. విద్యార్థి ఆ సంప్రదాయమును పెద్ద చదువులకు పోయిన తరువాతనే నేర్చుకొననక్కరలేదు. చెరువుగట్టున తీసిన ఒక చిన్న చిత్రముతో ఇప్పుడే మొదలుపెట్టవచ్చును.